రెండూ పోతులే

జ్యూరిచ్,
ఆదివారం రాత్రి

అమ్మా,

అందరం బాగున్నాం. మొన్న వీడియో కాల్‌లో "ఆ వేలికి కట్టేంటే" అని నువ్వడిగితే కూర తరుగుతుంటే తెగిందన్నాను. అబద్ధం. మన పెంపుడు గినీ పిగ్ బూరె కరిచింది. కంగారుపడకు, టీటీ ఇంజెక్షన్ చేయించుకున్నాను, కట్టు కూడా తీసేశారు. నాన్నకి ఈ ముక్క చదవకు, బూరె, అరిసె రెండిటినీ ఎవరికైనా ఇచ్చెయ్యమంటారు.

తప్పు నాదేలే. ఐదు నెలల గినీ పిగ్ పోతులంటే మీసాలొస్తున్న కుర్రాళ్ళ లెక్క. ఎవరు పెద్దో తేలేదాకా ఒకదాని మీదొకటి ఎక్కడం, నడుం ఊపుకుంటూ గుర్రుమని తిరగడం మామూలే. నేనూ నవ్వుకుంటూ చూశాను. పైగా కింది వాటా పిల్ల తన ఆడ గినీ పిగ్‌ని తెచ్చి మన సోఫా మీద ఆడిస్తుంటే ఊరుకున్నాను. ఆ వాసన చాలు వీటికి. రాత్రికి అరిసె పళ్ళు టకటకలాడించడం మొదలుపెట్టింది, మెడ మీద బొచ్చు నిక్కబొడుచుకుని. బూరె పోయి అట్టపెట్టెలో దూరింది. దానికి ఒకటే గుమ్మం, ఆ గుమ్మంలో అరిసె. చెవి మీద నెత్తురు చూసేసరికి ఆగలేక చెయ్యి పెట్టేశాను. మందపాటి తువ్వాలు వేసి విడదియ్యాలని డాక్టరు తర్వాత చెప్పింది.

"తాతయ్య పుంజుల్ని చూస్తూ పెరిగావు, వేరే గంప కింద పెట్టాలని తెలీదా" అంటావు. ఇక్కడ అలా కుదరదమ్మా. గినీ పిగ్‌ని ఒంటరిగా పెంచకూడదని 2008 నుంచి ఈ దేశంలో చట్టమే ఉంది. అందుకే మధ్యలో ఇనప జాలీ అడ్డం పెట్టాను. చూసుకుంటాయి, వాసన పట్టుకుంటాయి, కరుచుకోలేవు.

చెవి మానాక, నిన్న, బాత్‌రూంలో ఉతికిన దుప్పటి పరిచి ఇంత ఎండుగడ్డి పోసి రెండిటినీ వదిలాను. అది ఎవరి జాగా కాదు కదా. తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని రెండు గంటలు కాపలా. అరిసె గుర్రుమంది. బూరె తల దించి పక్కకి తప్పుకుంది. హమ్మయ్య అనుకున్నాను. కాసేపటికి ఒకే క్యాప్సికం ముక్కని చెరో కొసా పట్టి లాగాయి. గూడు ముందే కడిగి పెట్టాను. ఇప్పుడు గిన్నెలు రెండు, నీళ్ళ సీసాలు రెండు, పెట్టెలకి రెండేసి గుమ్మాలు.

మూడోదాన్ని తెమ్మని చిన్నాగాడి గోల. ముగ్గురు మగాళ్ళా? వద్దన్నాను.

ఆఫీసు మామూలే. ఆయన బాసెల్ నుంచి శుక్రవారం గానీ రారు. "ఒక్కదానివే ఎలా ఉంటున్నావే" అని ప్రతిసారీ అడక్కు. చిన్నా ఉన్నాడుగా. వాడు పడుకున్నాక గూడు పక్కనే నేల మీద కూర్చుని అన్నం తింటాను. నీ కందిపొడి కవరు చప్పుడైతే చాలు, తమకే అనుకుని కీక్ కీక్ మని ఒకటే కేకలు.

నాన్న బీపీ మాత్రలు మానలేదు కదా? కందిపొడి అయిపోవచ్చింది.

నీ బుజ్జి