బుజ్జమ్మకు, ఆ ఎనిమిది మొనల సిలువ గురించి

కాజీపేట

బుజ్జమ్మా,

మాల్టా నుంచి నువ్వు పంపిన ఫొటోలు అమ్మా నేనూ కూర్చుని చూశాం. నీ మొహం చిక్కిందా లేదా అని అమ్మ చూస్తుంటే, నేను నీ వెనక తలుపుల మీద, గోడల మీద, చివరికి నువ్వు అరచేతిలో పెట్టి చూపించిన యూరో నాణెం మీద ఉన్న ఎనిమిది మొనల సిలువనే చూశాను. "ఇది నీ బ్యాడ్జి మీది గుర్తే కదా నాన్నా?" అని అడిగావు. అవును, అదే. నేను గార్డుగా ఉన్నప్పుడు ఫస్ట్ ఎయిడ్ పరీక్ష పాసైతే ఇచ్చిన సెయింట్ జాన్ ఆంబులెన్స్ బ్యాడ్జి అది. బస్ కండక్టర్ లైసెన్సుకు వెళ్లేవాళ్లు కూడా ఆ సంస్థ సర్టిఫికెట్టే తెచ్చుకునేవాళ్లు. దాని వెనక తొమ్మిది వందల ఏళ్ల కథ ఉంది. ఫోన్లో మొదలుపెడితే నువ్వు డ్యూటీకి టైమైందంటావు, అందుకే రాస్తున్నాను.

జెరూసలేంలో మొదట వచ్చింది ఆస్పత్రి. కత్తి తర్వాత వచ్చింది. 1070 ప్రాంతంలో ఇటలీలోని అమాల్ఫి వర్తకులు అక్కడికి యాత్రకొచ్చే క్రైస్తవుల కోసం ఒక సత్రం కట్టించారు. అప్పుడు ఆ ఊరిని ఏలుతున్నది ముస్లింలు, వాళ్లు ఒప్పుకుంటేనే అది నడిచింది. 1099లో మొదటి క్రూసేడు, అంటే జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు చేసిన మతయుద్ధం, దాని సైన్యం ఊరిని పట్టుకుని లోపలున్న ముస్లింలనూ యూదులనూ ఊచకోత కోసింది. అప్పటికి సత్రం బాధ్యత చూస్తున్న పెద్దమనిషి పేరు జెరార్డ్. 1113లో పోప్ రెండవ పాస్కల్ ఆ సత్రాన్ని తన రక్షణలోకి తీసుకుంటూ పత్రం రాసిచ్చాడు. హాస్పిటలర్లు అనే సన్యాసుల సంఘం అలా నిలబడింది.

నువ్వు నర్సువి కాబట్టి వాళ్లు 1182లో రాసుకున్న నియమాలు నీకు చెప్పి తీరాలి. ఆస్పత్రికి నలుగురు వైద్యులుండాలి, వాళ్లకు మూత్రం చూసి జబ్బు పోల్చడం, మందు చేయడం తెలిసుండాలి. మంచం మనిషి హాయిగా పడుకునేంత పొడుగూ వెడల్పూ ఉండాలి. ఎవరి దుప్పటి వాళ్లకే, ఎవరి పక్కగుడ్డలు వాళ్లకే. రోగి మరుగుదొడ్డికి లేచి వెళ్లేటప్పుడు కప్పుకోవడానికి పైగుడ్డ, కాళ్లకు జోళ్లు, తలకు ఉన్ని టోపీ ఇవ్వాలి. యాత్రకొచ్చిన ఆడవాళ్లు అక్కడే ప్రసవిస్తే పసిబిడ్డను విడిగా చిన్న ఉయ్యాలలో పడుకోబెట్టాలి. వారానికి మూడు రోజులు మాంసం, అది పడనివాళ్లకు కోడి. నైట్ డ్యూటీలో ముసలివాళ్లు బాత్రూంకి లేచినప్పుడల్లా ఎంత టెన్షనో నువ్వు చెబుతుంటావు కదా. ఆ టోపీ, జోళ్ల సంగతి రాసినవాడు రాత్రిళ్లు వార్డులో తిరిగిన మనిషే అయ్యుండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అంతకుముందే రేమండ్ డు పుయ్ అనే పెద్ద రాసిన నియమావళిలో ఇంకో మాట ఉంది. రోగి వచ్చిన రోజు నుంచి, సోదరులు భోజనానికి కూర్చోకముందే అతనికి వడ్డించాలట, ఇంటి యజమానికి పెట్టినట్టు. గొప్పింటి కొడుకులు నేల మీద నిలబడి కూలివాడికి అన్నం పెట్టడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. అక్కడ ముస్లింలనూ యూదులనూ కూడా చేర్చుకునేవాళ్లని ఆనాటి వ్రాతప్రతి ఒకటి చెబుతోంది.

మరి వీళ్ల చేతికి కత్తి ఎలా వచ్చిందంటే, దానికి టెంప్లర్ల కథ చెప్పాలి. యాత్రికుల దారుల్లో దోపిడీలు ఎక్కువగా ఉండేవి. 1119 ప్రాంతంలో హ్యూ డి పేయెన్స్ అనే ఫ్రెంచి యోధుడు మరికొందరిని కూడగట్టి, సన్యాసుల్లా బతుకుతూ దారులు కాస్తామని మొక్కుకున్నాడు. రాజు రెండవ బాల్డ్విన్ వాళ్లకు అల్ అక్సా మసీదులో చోటిచ్చాడు. క్రైస్తవులు దాన్ని సొలొమోను ఆలయం అనుకునేవాళ్లు, అందుకే టెంప్లర్లన్న పేరు. 1129లో ఫ్రాన్సులోని ట్రాయ్‌లో జరిగిన మతసభ వాళ్లకు నియమావళి ఇచ్చింది. ఆ దారిలోనే హాస్పిటలర్లూ మెల్లగా కత్తి పట్టారు.

సన్యాసి కత్తి పట్టడం మనకు మరీ వింత కాదు. నాగా సాధువుల అఖాడాలు యుద్ధాల్లో పాల్గొన్న దేశమే మనది. యూరప్ చర్చికి మాత్రం ఇది కొత్త. అంతవరకూ యుద్ధంలో మనిషిని చంపినా ప్రాయశ్చిత్తం చేసుకోమనేవాళ్లు. ఇప్పుడు క్లేర్వోకు చెందిన బెర్నార్డ్ అనే మహా మఠాధిపతి, వీళ్లు చంపుతున్నది మనిషిని కాదు, చెడును అని వాదించాడు. ఎంత పెద్ద సాధువు చెప్పినా ఆ వాదం నాకు మింగుడుపడదు.

టెంప్లర్ల బతుకు మాత్రం కఠినమే. చదువురాని యోధుడు లాటిన్ ప్రార్థనలు పలకలేడు కనక తెల్లవారుజాము పూజకు బదులు పరలోక ప్రార్థన పదమూడుసార్లు చెప్పుకోవాలి. భోజనం మౌనంగా, ఒకరు బైబిలు చదువుతుంటే వింటూ. వేట కూడదు, సింహాన్ని తప్ప. ఒక్కొక్కరికి మూడు గుర్రాలు, ఒక సహాయకుడు ఉంటారు గానీ కళ్లెం మీద బంగారం, వెండి కనిపించకూడదు. రాత్రి చొక్కా, లోపలి లాగు, నడుముకు పట్టీతోనే పడుకోవాలి, దీపం తెల్లవార్లూ వెలగాలి. చనిపోయినవాడి దగ్గర దాచిన డబ్బు దొరికితే అతన్ని పవిత్రమైన నేలలో పాతిపెట్టరు.

ఇంకొకటి విను. పెద్దాయన అనుమతి లేకుండా అమ్మానాన్నల దగ్గర్నుంచి ఉత్తరం తీసుకోకూడదు, అనుమతించినా ఆయన కోరితే ఆయన ముందే చదివించాలి. ఇంటి నుంచి వచ్చిన వస్తువు కూడా ఆయన దగ్గరికే వెళ్లాలి. ఆ లెక్కన ఈ ఉత్తరం ముందు మీ మేట్రన్ చేతికి వెళ్లేది, అమ్మ పంపిన ఆవకాయ నీ దాకా వచ్చేదే కాదు. ఆడవాళ్లను ముద్దుపెట్టుకోకూడదన్న నియమంలో కన్నతల్లినీ తోబుట్టువునూ కూడా చేర్చారు. ఇది అమ్మకు చదివి వినిపిస్తే, "అట్లాంటోళ్లకు పిల్లనెవరిస్తారు?" అంది. పెళ్లే చేసుకోరని చెప్పాను.

బట్టల సంగతి నువ్వు అడిగావు. టెంప్లర్లలో యోధులకు తెల్లటి నిలువు పైవస్త్రం, 1147 ప్రాంతం నుంచి దాని మీద ఎర్ర సిలువ. సినిమాల్లో అందరికీ అదే తొడుగుతారు గానీ, యోధుల కుటుంబాల్లో పుట్టని సార్జెంట్లకు నలుపో గోధుమరంగో మాత్రమే. సన్యాసంలో కూడా పుట్టుక చూశారన్నమాట. మొనదేలిన బూట్లు, బూట్లకు తాళ్లు అప్పటి ఫ్యాషన్, అవి నిషేధం. ఖరీదైన బొచ్చు వద్దు, గొర్రెతోలు చాలు. జుట్టు కురచగా, గడ్డం పెంచుకుని ఉండేవాళ్లు. ఆ దేశపు ఎండలు భరించలేక ఈస్టరు నుంచి నవంబరు మొదటి దాకా నార చొక్కా వేసుకోవచ్చని సడలింపు ఇచ్చారు. దాని మీద మెత్త కుట్టిన అంగీ, ఆపైన వేలకొద్దీ చిన్న ఇనుప రింగులు అల్లిన కవచం. మే నెల వరంగల్ ఎండలో నన్ను ఆ వేషంలో ఊహించుకుని నవ్వుకో.

హాస్పిటలర్లది నల్ల వస్త్రం, తెల్ల సిలువ. వాళ్ల పైవస్త్రం ముందువైపు మూసి ఉండేది, అందులో చేతులు ఆడక యుద్ధంలో చాలా ఇబ్బంది. 1248లో పోప్ దానికి బదులు వదులుగా ఉండే అంగీ వేసుకోనిచ్చాడు. 1259లో యుద్ధానికి ఎర్ర అంగీ మీద తెల్ల సిలువ అని తేల్చారు. నువ్వు చూస్తున్న ఎనిమిది మొనల ఆకారం మాత్రం బాగా తర్వాత స్థిరపడింది. మూడో సంఘం ట్యుటానిక్ యోధులది, తెలుపు మీద నల్ల సిలువ. 1190లో ఎకర్ అనే రేవుపట్నం ముట్టడిలో జర్మన్ వర్తకులు ఓడ తెరచాపలతో వేసిన ఆస్పత్రి డేరాలో మొదలై, చివరికి ప్రష్యాలో రాజ్యమేలింది. వాళ్ల ఊసు ఇంతటితో ఆపుతాను.

యుద్ధాల జాబితా నీకు బోరు. ఒక్కటి చెబుతాను. 1187 జులై 4న హత్తీన్ దగ్గర ముస్లిం సుల్తాను సలాదీన్ క్రూసేడు సైన్యాన్ని నీళ్లు అందని చోట చుట్టుముట్టి ఓడించాడు. బందీలైన టెంప్లర్లనూ హాస్పిటలర్లనూ విడిగా తీయించి తలలు నరికించాడు. మిగతా దొరల్లో చాలామందికి విడుదల సొమ్ము పుచ్చుకుని ప్రాణం దక్కనిచ్చిన మనిషి, వీళ్లను మాత్రం వదల్లేదు. శత్రువు వీళ్లను ఎంత లెక్కలోకి తీసుకున్నాడో దాన్నిబట్టే తెలుస్తుంది. 1291లో క్రైస్తవుల చేతిలో ఉన్న ఎకర్ కూడా పోయింది.

ఆ తర్వాత టెంప్లర్ల పని అయిపోయింది. వాళ్ల దగ్గర డబ్బు దాచుకోవడం, అప్పు తీసుకోవడం రాజులకు అలవాటు. బాకీపడ్డ ఫ్రాన్సు రాజు నాలుగో ఫిలిప్ 1307 అక్టోబరు 13న, శుక్రవారం నాడు, ఫ్రాన్సులో ఉన్నవాళ్లందరినీ ఒకేసారి పట్టించాడు. చిత్రహింసలు పెట్టి తప్పులు ఒప్పించారు. 1312లో పోప్ సంఘాన్ని రద్దుచేశాడు, 1314లో ఆఖరి పెద్ద జాక్ డి మొలేను పారిస్‌లో కాల్చేశారు. నిధులు, రహస్యాలు, ఇప్పటికీ దాక్కున్న టెంప్లర్లు అంటూ యూట్యూబ్‌లో కనిపించేవన్నీ ఈ మంట మీద చలికాచుకునే కథలే. నిజంగా మిగిలిన వారసత్వం పోర్చుగల్‌లో ఉంది. అక్కడి రాజు 1319లో వాళ్ల ఆస్తులతో క్రీస్తు సంఘం అని కొత్తది పెట్టించాడు. ఆ సంఘం సిలువే పోర్చుగీసు ఓడల తెరచాపల మీదికెక్కి మన పడమటి తీరానికి వచ్చింది. ఆ వచ్చినవాళ్లు ఏంచేశారో నువ్వు స్కూల్లోనే చదివావు.

హాస్పిటలర్లు బతికిపోయారు. రోడ్స్ దీవిలో రెండు వందల ఏళ్లు ఉండి, 1522లో తుర్కుల చేతిలో ఓడి, 1530లో మీ మాల్టాకు చేరారు. ఏటా ఒక డేగ కప్పం కట్టే షరతు మీద చక్రవర్తి ఐదవ చార్లెస్ ఇచ్చాడు. 1565లో తుర్కులు మాల్టాను ముట్టడించి ఓడిపోయిన సంగతి అక్కడ ఎవరిని కదిలించినా చెబుతారు, సెప్టెంబరు 8న నీకు సెలవు దొరికేది అందుకే. అప్పుడు సంఘం పెద్దగా ఉండి, వాలెట్టా ఊరికి తన పేరిచ్చిన లా వాలెట్ అప్పటికి డెబ్బై ఏళ్లకు దగ్గరపడ్డ ముసలాయన.

గైడ్లు తొందరగా దాటేసే సంగతి ఇంకోటుంది. వీళ్లకు సొంత యుద్ధనావలుండేవి, వాటి తెడ్లు లాగింది గొలుసులు వేసిన బానిసలు. ముస్లిం ఓడల మీద దాడిచేసి పట్టుకున్న మనుషుల్ని వాలెట్టాలోనే అమ్మేవాళ్లు. అవతలివాళ్లూ అదే చేశారు, 1551లో గోజో దీవిలో దాదాపు అందర్నీ ఎత్తుకుపోయారు. లా వాలెట్ స్వయంగా కొంతకాలం తుర్కు నావలో బానిసగా తెడ్డు లాగినవాడు. విడుదలై వచ్చాక ఆ పద్ధతిని మాన్పించాడా అంటే, లేదు. ఆయన ధైర్యం మెచ్చుకుంటూనే ఇక్కడ నాకు కోపం వస్తుంది. ఇదే వాలెట్టాలో 1574లో మొదలైన వాళ్ల ఆస్పత్రిలో రోగులకు వెండి పళ్లేల్లో భోజనం పెట్టేవాళ్లు, యోధులు వంతులవారీగా వచ్చి వడ్డించేవాళ్లు. 1676లో శరీరశాస్త్రం, శస్త్రచికిత్స నేర్పే బడి కూడా అక్కడే పెట్టారు. వెండి పళ్లెం పట్టిన చేతులూ బానిసను కొన్న చేతులూ వేర్వేరు మనుషులవి కావు బుజ్జీ. ఒకటి చెప్పి ఒకటి దాచేవాళ్ల మాట నమ్మకు.

1798లో నెపోలియన్ వచ్చి వాళ్లను దీవి నుంచి వెళ్లగొట్టాడు, వెండిని కరిగించాడు. ఆ సంఘం ఇప్పుడు రోమ్‌లో ఉంది, దేశం లేకపోయినా వందకు పైగా దేశాలతో దౌత్య సంబంధాలున్నాయి, ఆస్పత్రులు నడుపుతోంది. నా బ్యాడ్జి ఇచ్చినవాళ్లు దానికి నేరుగా వారసులు కారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో కొందరు ఆ పేరునూ గుర్తునూ మళ్లీ తీసుకుని, గనుల్లో, రైల్వేల్లో దెబ్బలు తగిలే కూలీలను కాపాడటం తోటివాళ్లకు నేర్పడానికి 1877లో ఆంబులెన్స్ సంఘం పెట్టారు. అది బ్రిటిషువాళ్లతో మన రైల్వేకు, అక్కడినుంచి నా చొక్కా జేబుకు వచ్చింది. టెంప్లర్ల ఎర్ర సిలువను మాత్రం వేరే మతాల మీద ద్వేషం పెంచేవాళ్లు ఎత్తుకున్నారు, ఇప్పటికీ ఎత్తుతున్నారు. వార్డులో ఎవరైనా ఆ బొమ్మ ఉన్న టీషర్టుతో కనిపిస్తే భయపడకు, చాలామందికి అది వీడియోగేమ్ బొమ్మే.

నీకు సెలవు దొరికినప్పుడు వాలెట్టాలో ఆ పాత ఆస్పత్రికి వెళ్లిరా. ఇప్పుడది సమావేశ మందిరం. దాని పెద్ద వార్డు పొడుగు 155 మీటర్లట, అంటే మన రైలు పెట్టెలు ఆరు వరసగా పెట్టినా ఇంకా కొంచెం చోటు మిగులుతుంది. అంత పొడుగు గదిలో ఆ చివర రోగి పిలిస్తే ఈ చివర ఉన్నవాళ్లకు ఎలా తెలిసేదో నాకు అంతుపట్టలేదు. వార్డులో పనిచేసే దానివి, వెళ్లి నిలబడి చూసి నువ్వే చెప్పాలి.

ప్రేమతో,
నాన్న