ఇకపై మా రెండర్లలో దొంగ లైట్లు ఉండవు

ఈ నెల నుంచి మేం పంపే ఇంటీరియర్ రెండర్లు (గది తయారవ్వకముందే కంప్యూటర్లో చేసే బొమ్మలు) మునుపటికంటే కాస్త డల్‌గా కనిపిస్తాయి. సోఫా కింద నీడ ఉంటుంది. కారిడార్ చివర చీకటిగా ఉంటుంది. ఇదంతా కావాలనే చేస్తున్నాం.

ఈ లైన్లో మామూలుగా జరిగేది ఏంటంటే, కెమెరా వెనక ఒక పెద్ద ఏరియా లైట్ (పలకలా వెడల్పుగా వెలిగే కంప్యూటర్ లైటు), సీలింగ్ దగ్గర ఇంకోటి పెట్టి, రెండూ కనపడకుండా దాచి గదంతా వెలిగించేస్తారు. బొమ్మ బాగుంటుంది, క్లయింటు వెంటనే ఓకే అంటారు. గృహప్రవేశం అయ్యాక మాత్రం "బొమ్మలో ఉన్న వెలుగు ఇంట్లో లేదేంటండీ" అన్న ఫోన్ డిజైనర్‌కి వస్తుంది. లేని లైటు వెలుగు ఎక్కడ్నుంచి వస్తుంది? ఇకపై మా బొమ్మల్లో వెలుగుకి రెండే దారులు: కిటికీలు, ఎలక్ట్రికల్ డ్రాయింగ్‌లో ఉన్న ఫిట్టింగులు.

ముందు ఎండ సంగతి. ప్లాన్ మీద ఉత్తరం గుర్తు లేకుండా పంపకండి. హైదరాబాద్‌లో డిసెంబర్ మూడో వారంలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. దక్షిణం వైపు 5 అడుగుల బాల్కనీ, 9 అడుగుల స్లాబు, గ్రిల్ రెయిలింగ్ ఉంటే ఎండ గదిలోకి మూడడుగుల లోపే వస్తుంది. జూన్ నెలాఖరులోనైతే అసలు రాదు, అప్పుడు సూర్యుడు రోజంతా ఉత్తరం వైపే ఉంటాడు. కాబట్టి సోఫా మీద ఎండ పడే బొమ్మ కావాలంటే, ఆ ఎండ ఏ నెలలో వస్తుందో, అసలు వస్తుందో లేదో ముందే చెప్తాం.

బ్లెండర్ (మేం బొమ్మలు చేసే 3డి సాఫ్ట్‌వేర్) ఫైలు కూడా తీసుకునే డిజైనర్లు ఇది గమనించండి. అందులో బొమ్మని లెక్కగట్టే సైకిల్స్‌లో లైట్ పవర్ వాట్స్‌లోనే ఉంటుంది గానీ, అవి బల్బు డబ్బా మీది వాట్స్ కావు, వెలుగుగా బయటికొచ్చే వాట్స్. 800 ల్యూమెన్ల (వెలుగు కొలత) ఎల్ఈడీకి డబ్బా మీది 9 కొట్టొద్దు, 2 దగ్గర పెట్టండి. మొదటి నైట్ రెండర్ దాదాపు నల్లగా వస్తుంది. వెంటనే చెయ్యి పవర్ మీదకి పోతుంది, అక్కడే ఆగాలి. కలర్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్‌పోజర్ పెంచండి, ఒక్కో అంకెకి వెలుగు రెట్టింపవుతుంది. అప్పుడు లైట్ల మధ్య నిష్పత్తి చెడదు. పగటి సీన్‌లో కిటికీ బయట తెల్లబారితే కంగారు పడకండి, కెమెరాతో ఫొటో తీసినా అంతే.

గోడ తెలుపుని 1.0 పెట్టకండి, 0.8 చాలు. 1.0 అంటే పడిన వెలుగంతా తిరిగి వచ్చేస్తుంది, గోడ ఏమీ తీసుకోదు. మూలల్లో నీడ చచ్చిపోయి గది చప్పగా తయారవుతుంది. డిఫ్యూజ్ బౌన్సులు (వెలుగు గోడలకి తగిలి ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకె) డిఫాల్ట్‌గా 4 ఉంటాయి, లోపలి గదులకి 8 చేస్తున్నాం. అలా తిరిగొచ్చే వెలుగుకి హద్దు పెట్టే ఇన్‌డైరెక్ట్ క్లాంప్‌ని 10 నుంచి తగ్గించట్లేదు. 1కి దించితే తెల్ల చుక్కలు పోతాయి నిజమే, వాటితోపాటు మూలల్లో వెలుగూ పోతుంది. కిటికీ అద్దానికి మామూలు గ్లాస్ షేడర్ (బ్లెండర్లో గాజు మెటీరియల్) వేస్తే ఎండ సరిగా లోపలికి రాదు, వచ్చిన కాస్తా గ్రెయిన్‌తో నిండిపోతుంది. నీడని లెక్కగట్టే షాడో రేలకి అద్దం అడ్డుపడకుండా ట్రాన్స్‌పరెంట్ షేడర్ కలపండి, లేదా అద్దం తీసేయండి.

డౌన్‌లైట్లకి ఐఈఎస్ ఫైలు (ఆ లైటు వెలుగు ఏ వైపుకి ఎంత పోతుందో చెప్పేది) తప్పనిసరి. అది లేకుండా అన్ని వైపులా వెలిగే పాయింట్ లైట్ పెడితే వెలుగు సీలింగ్ మీదకి కూడా పోతుంది, గోడ మీద పడాల్సిన వంపు పడదు. కోవ్ లైట్ (ఫాల్స్ సీలింగ్ అంచులో దాచే లైటు) విషయంలో ఎక్కువ గొడవ వచ్చేది ఇక్కడే: ఫాల్స్ సీలింగ్‌కీ పై స్లాబుకీ మధ్య 3 అంగుళాల సందే ఉంటే అంచున సన్నటి తెల్ల గీత వస్తుంది, అంతే. 6 అంగుళాలు ఇస్తే వెలుగు లోపలిదాకా పాకుతుంది. పీఓపీ పని అయ్యాక ఆ గీతని సరిచేయడం మహా కష్టం, బొమ్మలోనే చూసుకోవడం మేలు. హాల్లో 6500 కెల్విన్ ట్యూబులైటూ 3000 కెల్విన్ ప్రొఫైల్ లైటూ కలిపితే ఒకటి నీలంగా, ఒకటి పసుప్పచ్చగా కనపడుతుంది. దాన్నీ అలాగే చూపిస్తాం.

ఇంకో సంగతి. బ్లెండర్ 4.0 నుంచి డిఫాల్ట్‌గా ఉన్న, వెలుగునీ రంగుల్నీ తెరకి తగ్గట్టు మార్చే ఏజీఎక్స్ పద్ధతినే వాడుతున్నాం. వెలుగు చక్కగా తేలుతుంది గానీ ముదురు రంగులు కొంచెం వెలిసినట్టు వస్తాయి. అందుకని లామినేట్ షేడ్‌ని రెండర్ చూసి ఖరారు చెయ్యకండి, శాంపిల్ ముక్క చూసి చెయ్యండి.

రేట్లు మార్చలేదు, ఒక్కో వ్యూకి ఒక రోజు ఎక్కువ పడుతుంది. ఉత్తరం దిక్కు, కిటికీల కొలతలు, బాల్కనీ లోతు, ఎలక్ట్రికల్ డ్రాయింగ్, ల్యూమెన్లూ కెల్విన్లూ కనపడేలా లైట్ డబ్బా ఫొటో పంపండి. కర్టెన్ పల్చటిదా మందమా అన్నది కూడా చెప్పండి.

పాత పద్ధతిలోనే ధగధగా వెలిగించి ఇవ్వమంటే ఇస్తాం, సేల్స్ బ్రోషర్‌కి అది సరిపోతుంది. ఆ ఫైలు పేరులో మాత్రం "బ్రోషర్" అని ఉంటుంది. దాన్ని ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వకండి.