ఎక్స్‌పాండర్ పెట్టించే ముందు అన్నీ విడమరిచి చెప్పినవాళ్ళకు కృతజ్ఞతలు

మా అమ్మాయికి ఎక్స్‌పాండర్‌తో, అంటే అంగిలి కింద బిగించి మధ్యలోని స్క్రూను కొద్దికొద్దిగా తిప్పే పరికరంతో, పై దవడ వెడల్పు చేయించే ముందు మేం అడిగిన ప్రతి ప్రశ్నకూ ఓపిగ్గా జవాబిచ్చిన మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పేర్లు మాత్రం ఇక్కడ రాయడం లేదు. "ఏం కాదులెండి, ఇప్పుడందరూ పెట్టించుకుంటున్నారు" అని సరిపెట్టకుండా, ఏ రోజు ఏమవుతుందో, ఎందుకవుతుందో చెప్పారు. ఆ వయసు పిల్లలకు బుజ్జగింపుల కన్నా పనికొచ్చేది అదే. ఇదే చికిత్సకు సిద్ధమవుతున్న ఇళ్ళకు పనికొస్తాయని మీ మాటలే మళ్ళీ రాస్తున్నాం.

ముందు ఆర్థోడాంటిస్ట్‌గారికి, అంటే పళ్ళ, దవడల వరస సరిచేసే డాక్టరుగారికి. బొమ్మ గీసి, మాకు కాకుండా నేరుగా అమ్మాయికే వివరించినందుకు. అంగిలి ఒకే పలక కాదు. కుడి, ఎడమ భాగాలు మధ్యలో ఒక అతుకుతో కలిసి ఉంటాయి. ఎదిగే వయసులో ఆ అతుకు ఇంకా పూర్తిగా గట్టిపడదు కాబట్టి స్క్రూ ఒత్తిడికి మెల్లగా విడుతుంది, ఆ ఖాళీలో కొత్త ఎముక పెరుగుతుంది. అది ఎప్పుడు గట్టిపడుతుందో వయసు చూసి చెప్పలేం, ఒకే ఈడు పిల్లలిద్దరిలో తేడా ఉండొచ్చు. అందుకే కాస్త పెద్ద పిల్లలకు చాలాసార్లు సీబీసీటీ స్కాన్ (దవడను త్రీడీలో చూపించే ఎక్స్‌రే) తీసి చూస్తారు. అతుకు బాగా కలిసిపోయి ఉంటే పళ్ళకు తగిలించే ఎక్స్‌పాండర్ చాలదు, అంగిలి ఎముకలోకి చిన్న స్క్రూలు దించే రకమో, ఆపరేషనో అవసరం కావచ్చు. "పరీక్షలయ్యాక చూద్దాం, వచ్చే ఏడాది చూద్దాం" అనే ఇళ్ళలో ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

పుచ్చుపళ్ళు ముందే పూడ్పించమన్నదీ ఆయనే. ఎక్స్‌పాండర్‌ను పట్టి ఉంచడానికి దవడపళ్ళ చుట్టూ అతికించే లోహపు పట్టీ, అంటే బ్యాండ్, కింద పుచ్చు ఉంటే నెలల తరబడి ఎవరి కంటా పడదు. నికెల్ ఎలర్జీ గానీ గుండెజబ్బు గానీ ఉంటే మొదటి రోజే చెప్పాలి.

బ్యాండ్లు పట్టేందుకు దవడపళ్ళ మధ్య కాస్త సందు కావాలి. దానికోసం సుమారు వారం ముందు సెపరేటర్లు, అంటే చిన్న రబ్బరు రింగులు, పెడతారు. పళ్ళ మధ్య ఏదో ఇరుక్కున్నట్టుంటుంది, మొదటి రెండు మూడు రోజులు నమిలితే నొప్పి. అక్కడ ఫ్లాస్ వాడకూడదు, బంకగా సాగేవి తినకూడదు. రింగు ఊడితే అదే రోజు ఫోన్ చేయమన్న అసిస్టెంట్‌గారికి థాంక్స్. "ఊడితే ఊడిందిలే" అని వదిలేస్తే సందు మళ్ళీ మూసుకుపోతుంది, బ్యాండ్ ఎక్కదు, అపాయింట్‌మెంట్ వృథా.

ఎక్స్‌పాండర్ తయారుచేసిన, ఎప్పుడూ కంటికి కనబడని ల్యాబ్ టెక్నీషియన్‌కు కూడా. స్క్రూ అంగిలికి మరీ ఆనుకుంటే చర్మంలో నొక్కుకుపోతుంది, మరీ కిందికుంటే నాలుకకు చోటుండదు.

ఇక స్క్రూ తిప్పడం. దీన్ని మాకు నేర్పిన తల్లిదండ్రుల రుణం పెద్దదే. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కింద దిండు పెట్టి తల వెనక్కి వాల్చాలి, ఫోన్ టార్చ్ ఇంకొకరు పట్టుకోవాలి. స్క్రూ తిప్పే తాళానికి (పుల్లలాంటి చిన్న తాళంచెవికి) పొడుగాటి దారం కట్టి మన మణికట్టుకు చుట్టుకోవాలి, జారితే గొంతులోకి పోకుండా. తాళాన్ని ముందువైపు కనబడే రంధ్రంలో పెట్టి, ఇక కదలనంతవరకూ గొంతువైపు తోయాలి. అప్పుడు ముందు నుంచి తర్వాతి రంధ్రం పూర్తిగా బయటపడాలి. సగమే కనిపిస్తే తిప్పడం పూర్తి కాలేదన్నమాట, రేపు తాళం దూరదు. అందరూ తడబడేది తాళం తీసేటప్పుడే: ముందుకు లాగితే స్క్రూ కూడా దాంతో వెనక్కి తిరిగొచ్చేస్తుంది. గొంతువైపే ఉంచి, కిందికి నాలుక వైపు దించి తీయాలి.

సాధారణంగా ఒక్కో తిప్పు పావు చుట్టు, అంటే 0.25 మి.మీ. కొన్ని రకాల్లో 0.2 మి.మీ. రోజుకు ఒకటా రెండా అన్నది డాక్టరు చెప్పాలి, ఎన్నాళ్ళన్నదీ ఆయనే. తిప్పిన ప్రతిసారీ క్యాలెండర్ మీద గీత పెట్టండి, ఇంట్లో ఇద్దరు తిప్పేవాళ్ళుంటే మరీ ముఖ్యం. ఒకరోజు మర్చిపోతే మర్నాడు ఆ బాకీ తీర్చడానికి అదనంగా తిప్పకూడదు.

తిప్పగానే ముక్కుదూలం దగ్గర, కళ్ళ కింద, ముందుపళ్ళలో బిగపట్టినట్టు ఉంటుంది, కొన్ని నిమిషాల్లో సర్దుకుంటుంది. ఇది ముందే తెలిసిన పిల్ల భయపడదు. చెయ్యెత్తితే ఆపేస్తామని మాటిస్తే, ఆ మాట నిలబెట్టుకుంటే, రెండో రోజు నుంచి పేచీ ఉండదు.

ముందుపళ్ళ సందు గురించి హెచ్చరించిన అక్కకు ప్రత్యేకంగా. కొద్దిరోజుల్లోనే పై రెండు ముందుపళ్ళ మధ్య ఖాళీ పడుతుంది. తెలియకపోతే అద్దం ముందు ఏడుపే, ఆ వయసులో స్కూలుకు వెళ్ళనంటారు కూడా. నిజానికి అతుకు విడుతోందనడానికి అదే గుర్తు. ఒత్తిడి ఆగాక చిగుళ్ళలోని నారపోగులు పళ్ళను దగ్గరికి లాగుతాయి, చాలామందిలో ఆ సందు చాలావరకు దానంతటదే మూసుకుంటుంది. ఆందోళన పడాల్సింది సందు కనబడనప్పుడు. చెప్పినన్ని తిప్పులూ అవుతున్నా ఖాళీ పడక, నొప్పి పెరుగుతూ, దవడపళ్ళు బయటికి వాలుతున్నట్టుంటే తిప్పడం ఆపి ఫోన్ చేయాలి. అతుకు విడకపోతే ఆ బలమంతా పళ్ళ మీదే పడి బయటివైపు ఎముకను నొక్కుతుంది. తిప్పాలో ఆపాలో ఎక్స్‌రే చూసి డాక్టరు తేలుస్తారు.

మాట విషయంలో తెలుగు టీచరుగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ట, డ, ణ, ళ పలకాలంటే నాలుక మడిచి అంగిలికి తాకించాలి, సరిగ్గా అక్కడే ఇనుము అడ్డం. శ, ష, స లలో గాలి పక్కకు జారుతుంది. ప, బ, మ లకు ఏ ఇబ్బందీ లేదు. రోజూ కాసేపు గట్టిగా చదివిస్తే కొద్దిరోజుల్లో నాలుక దారి వెతుక్కుంటుంది. అప్పటిదాకా నోటిపరీక్షలు వాయిదా వేసినందుకు ఆమెకు నమస్కారాలు.

మొదటి రోజుల్లో లాలాజలం ఎక్కువగా ఊరుతుంది, అది తగ్గిపోతుంది. తిండి మెత్తగా, చిన్న ముద్దలుగా. స్క్రూ కింద ఇరుక్కున్నదాన్ని కదిలించడానికి, కొన వంగిన సిరంజితో గోరువెచ్చని నీళ్ళు చిమ్మమన్న చిట్కాకు మించింది లేదు, బ్రష్ అక్కడికి చేరదు. నాలుక మీద స్క్రూ అచ్చు పడితే కంగారొద్దు. ఒకవైపు నుంచే చెడు వాసనో రుచో వస్తున్నా, బ్యాండ్ వేలికి కదులుతున్నా సిమెంట్ వదిలిందని అనుమానించాలి: తిప్పడం ఆపి, క్లినిక్‌కు చెప్పాలి.

తిప్పడం అయిపోగానే తీసేయమని పిల్లలు పట్టుబడతారు. కొత్త ఎముక గట్టిపడే దాకా, మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు, అది నోట్లో ఉండాల్సిందే. ముందే తీసేస్తే దవడ మళ్ళీ దగ్గరికి వస్తుంది. ఆ సంగతి మొదటి రోజే, ఏదీ దాచకుండా అమ్మాయికి చెప్పేసిన డాక్టరుగారికి మరోసారి కృతజ్ఞతలు.