178 చూసి సైకిల్ మూలన పెట్టేయకు

ఒరేయ్ మామా,

నువ్వు రాత్రి పదకొండింటికి పంపిన వాచీ ఫోటో పొద్దున లేచాక చూశాను. అనంతగిరి కొండ మీద సైకిల్ తొక్కినప్పుడు నీ గుండె నిమిషానికి 178 సార్లు కొట్టుకుందని చూపిస్తోంది. కింద "ఇది మంచిదేనా రా, మానేయమంటావా" అని ఒక్క ముక్క. ఫోన్లో చెబితే మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తారు, సగంలో ఆగిపోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. టీ పక్కన పెట్టుకుని నింపాదిగా చదువు.

ముందు నీ టెన్షన్ సంగతి. గుండె గరిష్ఠంగా ఎంత వేగంగా కొట్టుకోగలదో చెప్పడానికి 220 లోంచి వయసు తీసేస్తారు, మన 46కి 174 వస్తుంది, నీకు 178 చూపించింది, అంటే హద్దు దాటేశావని భయం. ఆ లెక్క 1971 నాటిది రా. అప్పటికి ఉన్న కొన్ని పరిశీలనల అంకెలన్నీ ఒకచోట పెట్టి, వాటి మధ్యలోంచి ఉజ్జాయింపుగా గీసిన గీత. తర్వాత 2001లో తనకా అనే ఆయన బృందం ఇంకా చాలామంది అంకెలు తీసుకుని, వయసుని 0.7తో గుణించి 208 లోంచి తీసేయమంది. దాని ప్రకారం మనకి 176 దాకా వస్తుంది. ఏదైనా సగటే. మన క్లాసులో అందరం ఒకే ఏడు పుట్టాం, అందరిదీ ఒకే ఎత్తా? ఇదీ అంతే, ఒకే వయసు వాళ్లలో 10, 12 అటూ ఇటూ ఉండడం మామూలు, అంతకన్నా తేడా ఉన్నవాళ్లూ ఉంటారు. నీ గుండె 178 కొట్టుకుందంటే నీ గరిష్ఠం కనీసం 178 అని అర్థం, అంతే.

ఇంకోటి, ఎంత సాధన చేసినా ఆ గరిష్ఠం పెరగదు, వయసుతో మెల్లగా తగ్గుతుంది. పెరిగేది ఒక్కో కొట్టుకుడుకి గుండె తోసే రక్తం. అందుకే జనవరిలో ఊరికే కూర్చున్నప్పుడు 78 ఉన్న నీ పల్స్ ఇప్పుడు 68కి దిగింది. ఆ సంగతి మాత్రం నువ్వు నాకు ఫోటో తీసి పంపలేదు!

వాచీని కూడా అంత నమ్మకు. అనంతగిరి ఎక్కేటప్పుడు నీ వెనకాలే ఉన్నాను కదా, చూశాను. పట్టీ వదులై మణికట్టు ఎముక మీదికి జారింది, కింద చెమట, నువ్వేమో హ్యాండిల్‌ని పిడికిలి బిగించి పట్టుకున్నావు. వాచీ వెనక ఆ పచ్చ లైటు చర్మం కింద రక్తం పొంగడం, తగ్గడం చూసి లెక్కేస్తుంది, చెయ్యి వంగి రోడ్డు అదురు తగులుతుంటే ఒక్కోసారి పెడల్ తొక్కే వేగాన్నే పల్స్ అనుకుని చూపించేస్తుంది. ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ అయితే గుండె కరెంటునే పట్టుకుంటుంది, అది నయం. పైన టీ బండి దగ్గర నేను నీ మెడ మీద రెండు వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టాను, గుర్తుందా? 39 వచ్చింది, నాలుగుతో గుణిస్తే 156. అప్పటికి నువ్వు తొక్కడం ఆపి నిమిషం అయింది. 178 నిజమే అనుకున్నా నిమిషంలో 22 దిగిందన్నమాట, అది మంచి గుర్తు. మొదటి నిమిషంలో 12 కూడా దిగకపోతే మాత్రం డాక్టరుకి చెప్పాల్సిన విషయమే.

కానీ మామా, నేను అసలు రాయాలనుకున్నది ఇదంతా కాదు. మీ నాన్నగారికి గుండెపోటు వచ్చినప్పుడు ఆయనకి 51. మనం ఇంటర్లో ఉన్నాం, హాస్పిటల్ మెట్ల మీద నువ్వూ నేనూ రాత్రంతా కూర్చున్నాం. నువ్వు ఆ ఫోటో పంపింది అందుకేనని నాకు తెలుసు. అందుకే నీకు 178 గురించి కాకుండా ఆ గుండెకి రక్తం మోసే గొట్టాల గురించి చెప్పాలి.

గొట్టాలు శుభ్రంగా ఉన్న గుండెకి గట్టిగా కొట్టుకోవడం వల్ల ముప్పు చాలా తక్కువ. అంతకన్నా ముందే కాళ్లు మొరాయిస్తాయి, ఊపిరి ఆడదు, మనమే ఆగిపోతాం. అదే లోపల కొవ్వు పేరుకుని ఉంటే కథ వేరు. గుండె తన కండకి రక్తం ఎక్కువగా తీసుకునేది కొట్టుకుడుకీ కొట్టుకుడుకీ మధ్య సడలినప్పుడు. వేగం పెరిగేకొద్దీ ఆ సందు తగ్గిపోతుంది, కావలసిన రక్తమేమో పెరుగుతుంది. ఇరుకు గొట్టంలోంచి అంత ఎలా వస్తుంది? పైగా ఉన్నట్టుండి పడ్డ ఒత్తిడికి ఆ కొవ్వు పొర చిట్లి రక్తం గడ్డకడితే అదే గుండెపోటు. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ పరిశీలనలో, మొదటి గుండెపోటు వచ్చిన మన దక్షిణాసియా వాళ్లలో సుమారు సగం మందికి 53 లోపే వచ్చింది. మనకి 46 రా.

1993లో అమెరికాలో ఒక పరిశీలన వచ్చింది. ఒళ్లు వంచని మనిషి హఠాత్తుగా గట్టి శ్రమ చేస్తే, ఆ గంటలో గుండెపోటు రిస్కు మామూలుకంటే 100 రెట్ల పైనే. వారానికి అయిదుసార్లో అంతకన్నా ఎక్కువో చేసేవాళ్లకి రెండున్నర రెట్లు కూడా లేదు. మామూలు రిస్కే చాలా చిన్నది కాబట్టి అంకె చూసి హడలిపోనక్కర్లేదు, కానీ తేడా చూశావా? అందుకే నువ్వు సైకిల్ మానేస్తానంటే నేను ఒప్పుకోను. మూడు నెలలకే అనంతగిరి ఘాట్‌ మీద కుర్రాళ్లతో పోటీపడడం కూడా ఒప్పుకోను. ఆ రోజు నేనే ఆపాల్సింది, ఆపలేదు, అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

నాకు పోయిన ఏప్రిల్లో ఏమైందో నీకు పూర్తిగా చెప్పలేదు. నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కింద ట్రాక్ ఉంది కదా, 23 కిలోమీటర్లది, 2023లో తెరిచారే, అక్కడ ఎనిమిదింటికి గట్టిగా తొక్కి ఠక్కున ఆగి దిగాను. పది సెకన్లలో కళ్లు బైర్లు కమ్మాయి, చెవుల్లో హోరు, సైకిల్ పట్టుకునే రెయిలింగ్‌కి ఒరిగిపోయాను. ఒకాయన కాళ్లు ఎత్తి పడుకోబెట్టి నీళ్లిచ్చాడు. తర్వాత డాక్టరు చెప్పాడు, తొక్కుతున్నంతసేపూ కాళ్ల కండలే రక్తాన్ని పైకి తోస్తాయి, ఒక్కసారి ఆపితే అది కాళ్లలోనే నిలిచిపోతుంది, తలకి చాలదు. ఎండ వల్ల ఇంకా ఎక్కువైంది, చెమటకి రక్తంలో నీరు తగ్గి అదే వేగానికి పల్స్ ఇంకా ఎక్కుతూ పోతుంది. అప్పట్నుంచీ చివరి పది నిమిషాలు తేలిక గేర్లో తొక్కకుండా దిగడం లేదు. నువ్వూ దిగకు, ఎంత ఆలస్యమైనా సరే.

ఇక చేయాల్సింది. శుక్రవారం టీఎంటీ అనే ట్రెడ్‌మిల్ పరీక్ష, 2డి ఎకో అనే గుండె స్కాన్ చేయించుకుందాం. టీఎంటీకి ఛాతీకి వైర్లు అంటించి ట్రెడ్‌మిల్ ఎక్కిస్తారు, మూడేసి నిమిషాలకోసారి స్పీడూ ఎత్తూ పెంచుతారు, ఈసీజీ చూస్తూనే ఉంటారు. నువ్వు 178 కొట్టించాలనుకుంటే డాక్టరు పక్కనుండగా అక్కడ కొట్టించు! షుగర్, కొలెస్ట్రాల్ కూడా చూపించు. టీఎంటీ బాగుందంటే గొట్టాల్లో అసలేమీ లేదని కాదు, ఇంకా ఇరుకు చేయని కొవ్వు అందులో దొరక్కపోవచ్చు, కాబట్టి మీ నాన్నగారి సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. బీపీకి ఏ మాత్ర వేసుకుంటున్నావో అదీ చెప్పు, కొన్ని మాత్రలకి పల్స్ పెద్దగా పెరగదు. మా బావగారిది అలాంటిదే, ఎంత తొక్కినా 125 దాటదు, పల్స్‌ని బట్టి శ్రమ తేలికా గట్టిదా అని వాచీ చూపించే జోన్లన్నీ ఆయనకి తప్పే.

అప్పటిదాకా గండిపేట వైపు తొక్కు, పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలో. అంతా బాగుందంటే వారానికి ఒక్కరోజు గట్టిగా, మిగతావన్నీ తేలిగ్గా. ఛాతీ మీద బరువు పెట్టినట్టున్నా, ఎడమ చెయ్యికో దవడకో నొప్పి పాకినా, తల తిరిగినా, తేలిగ్గా తొక్కుతుండగా పల్స్ ఉన్నట్టుండి 190కి గెంతి గుండె లయ తప్పినట్టు దడదడలాడినా, ఆపేయ్. గ్యాసేమోలే అనుకుని ఇంటికి తొక్కుకుంటూ రావద్దు. ఏ టైమైనా సరే 108కి ఫోన్ చెయ్యి, తర్వాత నాకు చెయ్యి. మీ నాన్నగారు కూడా ఆ రోజు గ్యాస్ అనే సోడా తాగారు కదరా.

శుక్రవారం ఎనిమిదింటికి నేనే కూకట్‌పల్లి వస్తాను, కారు తీసుకుని. టిఫిన్ తేలిగ్గా, పెందలాడే తినేయ్, బూట్లు వేసుకో. మీ నాన్నగారి పాత ఫైలు అమ్మ బీరువాలో ఉంటుంది, అడిగి తీసిపెట్టు.

నీ
మామ
మణికొండ