వీడియో గేములకూ సమీక్ష కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. శుక్రవారం విడుదలైన సినిమాకు శనివారం నాటికల్లా మీ పత్రికలో సమీక్ష వస్తుంది. కథ, నటన, సంగీతంతో పాటు పిల్లలతో కలిసి చూడదగ్గదా కాదా అన్నది కూడా అందులో ఉంటుంది. వీడియో గేముల దగ్గరికి వచ్చేసరికి ఆ శ్రద్ధ కనిపించదు. ఏ పిల్లవాడో ఫోనుకు బానిసయ్యాడన్న వార్త వస్తుంది, లేకపోతే కొత్త పరికరం ధర వస్తుంది. ఆట లోపల ఏముందో, అది ఆడేవాడి చేత ఏం చేయిస్తుందో రాసేవారు కనబడరు. ఆ లోటు పూడ్చమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మొన్న వేసవి సెలవుల్లో పదమూడేళ్ల మా మనవడు మా ఇంట్లో నెల రోజులున్నాడు. అమెరికాలో స్థిరపడిన మా చెల్లెలి కుటుంబం ఎప్పుడో వదిలి వెళ్లిన పాత ప్లేస్టేషన్‌ను, అంటే టీవీకి తగిలించి ఆటలాడే పెట్టెను, అటక మీద నుంచి దింపుకున్నాడు. దానితో పాటు ఉన్న డిస్కుల్లో ‘ది గాడ్‌ఫాదర్’ ఒకటి. 1972లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా తీసిన సినిమా ఆధారంగా ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 2006లో విడుదల చేసిన ఆట అది. సినిమా నాకు బాగా తెలిసినదే కాబట్టి నేనూ పక్కన కూర్చున్నాను. 1945 నుంచి పదేళ్ల కాలపు న్యూయార్క్ నగరం తెర మీద పరచుకుని ఉంటుంది. వీధులన్నీ తిరగవచ్చు, దొరికిన కారెక్కవచ్చు, ఏ దుకాణంలోకైనా వెళ్లవచ్చు. ఇలాంటివాటిని ఓపెన్ వరల్డ్ గేములంటారని మనవడే చెప్పాడు. ఆడేవాడు సినిమాలోని మాఫియా ముఠా అయిన కొర్లియోనే కుటుంబంలో కొత్తగా చేరిన కుర్రవాడు. సినిమాలో మనం చూసిన సంఘటనల పక్కనే తిరుగుతూ, మాట వినని ఒక సినీ నిర్మాతను బెదిరించడానికి అతని పడకలో గుర్రం తల పెట్టే పనికి కూడా వెళతాడు.

నన్ను కలవరపెట్టింది గుర్రం తల కాదు, ఒక దుకాణం. తెర మీద మనవడు ఆడిస్తున్న మనిషి లోపలికి వెళ్లి, ఇకనుంచి మాకు డబ్బు కట్టాలన్నాడు. యజమాని కుదరదన్నాడు. మనవడు అతని చొక్కా పట్టుకుని గల్లాబల్ల మీదికి వంచాడు, ఆ తర్వాత అరల్లోని సరుకు పగలగొట్టాడు. తెర మీద ఒక కొలబద్ద ఉంది. బెదిరింపు పెరిగేకొద్దీ అది నిండుతూ వస్తుంది. ఒక హద్దు దాటగానే దుకాణదారుడు ఒప్పుకుంటాడు, ఇంకా బెదిరిస్తే మొత్తం పెంచుతాడు, మరీ శ్రుతి మించితే తిరగబడతాడు. “తాతయ్యా, ఆ ఎర్రగీత దాకా వెళ్లకుండా కొంచెం ముందే ఆపాలి. అప్పుడే ఎక్కువ డబ్బొస్తుంది” అని వాడు వివరించాడు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని కాబట్టి ఆ లెక్క నాకు వెంటనే అర్థమైంది. ఒక మనిషి భయాన్ని గరిష్ఠ లాభం వచ్చే చోట ఆపడం ఎలాగో ఆ ఆట వాడికి ఎంతో శ్రద్ధగా నేర్పింది.

సంపాదకుల వారూ, ఆ దుకాణదారుణ్ని నేనెరుగుదును. 1970లలో విజయవాడలో మా నాన్నగారికి చిన్న కిరాణా కొట్టు ఉండేది. నెల మొదటి వారంలో ఒక మనిషి మామూలు కోసం వచ్చేవాడు. గట్టిగా మాట్లాడేవాడు కాదు. పిప్పరమెంటు బిళ్లల గాజుసీసా మీద చెయ్యి వేసి నిలబడేవాడు, నాన్నగారు గల్లాపెట్టె తెరిచేవారు. ఒక నెల ఆలస్యమైతే ఆ సీసాను చేత్తో అంచు దాకా జరిపి వదిలేశాడు. అంతే, ఒక్క మాట లేదు. పెంకులు ఏరబోతే నన్ను లోపలికి పొమ్మని కసిరి, నాన్నగారే చీపురు పట్టుకుని ఊడ్చారు. ఆ రాత్రి ఆయన అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోవడం నాకిప్పటికీ గుర్తుంది. ఆట కొలబద్దలో ఆ రాత్రి లేదు.

కొప్పోలా సినిమాల్లో అది ఉంది. 1974లో వచ్చిన రెండో భాగంలో యువకుడైన వీటో కొర్లియోనే న్యూయార్క్‌లో ఒక కిరాణా కొట్లో పనిచేస్తుంటాడు. వీధిని పీడించి మామూళ్లు దండుకునే ఫనూచీ తన మేనల్లుణ్ని పనిలో పెట్టుకొమ్మని యజమానిని శాసిస్తే, వీటో ఉద్యోగం పోతుంది. సిగ్గుపడిన యజమాని సరుకుల పెట్టె ఇవ్వబోతే వీటో తీసుకోకుండా ఇంటికి వెళ్లిపోతాడు. బెదిరింపు ఎవరి ఇంట్లో పొయ్యి ఆర్పుతుందో చూపించిన తర్వాతే, ఆ వీటో తానే డాన్‌గా, అంటే ముఠా పెద్దగా, ఎలా మారాడో సినిమా చెబుతుంది. మొదటి భాగం చివర, తండ్రి వీటో స్థానంలో డాన్ అయిన మైకేల్ గది తలుపు భార్య కళ్ల ముందే మూసుకుంటుంది. అతను గెలిచాడు, కానీ ఏం పోగొట్టుకున్నాడో ఆ తలుపు చెబుతుంది. ఆటలో మూసుకునే తలుపు లేదు. కథ అయిపోయినా నగరం తెరిచే ఉంటుంది, మిగిలిన దుకాణాలన్నీ వశం చేసుకుని న్యూయార్క్ మొత్తానికీ డాన్ అనిపించుకునే దాకా ఆడుతూ పోవచ్చు.

ఈ ఆట తయారవుతున్న రోజుల్లోనే కొప్పోలా దానితో తనకు ఏ సంబంధమూ లేదని, అది తనకు సమ్మతం కాదని బహిరంగంగా చెప్పారు. అందరికీ తెలిసిన పాత్రలను పరిచయానికి వాడుకుని, మిగతా సమయమంతా కాల్పులతో నింపుతున్నారన్నది ఆయన అభ్యంతరం. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. అయినా సినిమాను ఆటగా మార్చడమే తప్పని నేననుకోవడం లేదు. అదే 2006లో వచ్చిన ‘స్కార్‌ఫేస్’ ఆట చూడండి. 1983 నాటి బ్రయన్ డి పాల్మా సినిమా చివర మాదకద్రవ్యాల వ్యాపారి టోనీ మొంటానా తన భవనంలోనే తూటాలకు కూలిపోతాడు. ఆటలో మాత్రం బతికి బయటపడి, మయామీలో తన సామ్రాజ్యాన్ని మళ్లీ కట్టుకుంటాడు. ముగింపునే తిప్పేసిన ఆ తయారీదారులు సినిమాలోని ఒక విషయాన్ని మాత్రం వదల్లేదు. చంపవలసిన మనిషి కారులో అతని భార్యాపిల్లలు కూడా ఉన్నారని తెలిసి, బాంబు పేల్చడానికి టోనీ ఒప్పుకోడు, టోనీ పతనం అక్కడే ఖాయమవుతుంది. అందుకే ఆటలో కూడా దారిన పోయే అమాయకులను టోనీ చేత కాల్పించడం కుదరదు. మీట నొక్కినా అతను కాల్చడు. మాదకద్రవ్యాల వ్యాపారం చుట్టూ నడిచే ఆ ఆటను పిల్లల చేతికి ఇవ్వవచ్చని నా అభిప్రాయం కాదు. కానీ ఏది చేయనివ్వాలి, ఏది చేయనివ్వకూడదు అన్నది ఎవరో కూర్చుని ఆలోచించి తీసుకున్న నిర్ణయమని అది రుజువు చేస్తోంది. దర్శకుడి నిర్ణయాలను తూకం వేస్తున్నప్పుడు ఆటను రూపొందించిన వారి నిర్ణయాలను ఎందుకు వదిలేయాలి?

నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి ‘వైస్ సిటీ’ ఆడిన తరం ఇప్పుడు తల్లిదండ్రులైంది. 2002 నాటి ఆ ఆటలోని భవనం, మెట్లు, చివరి కాల్పులు చాలావరకు ‘స్కార్‌ఫేస్’ నుంచి వచ్చినవే. ఆ సినిమా చూడని కుర్రాళ్లు కూడా ఆ మేడను గదిగదీ ఎరుగుదురు. ఇంతమందికి చేరిన కళారూపం గురించి తెలుగులో నిలకడగా నడిచే విమర్శ ఎందుకు లేదు?

సెన్సారు ముద్ర ఒక్కటే సరిపోతుందని కూడా నేను అనడం లేదు. 1932లో వచ్చిన మొదటి ‘స్కార్‌ఫేస్’కు అమెరికాలో సెన్సారు వారు పట్టుబట్టి ‘జాతికి సిగ్గుచేటు’ అనే అర్థం వచ్చే ఉపశీర్షిక తగిలించారు, వేరే ముగింపు కూడా తీయించారు. ఆ సినిమా మంచిచెడులను చివరికి తేల్చింది ప్రేక్షకులు, విమర్శకులే. అయితే మన దేశంలో సినిమాకు కనీసం ఒక ఆధారముంది. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సర్టిఫికెట్ లేనిదే బహిరంగ ప్రదర్శన కుదరదు. 2023 సవరణతో యూఏ సర్టిఫికెట్‌ను 7, 13, 16 ఏళ్ల వర్గాలుగా కూడా విభజించారు. వీడియో గేములకు అలాంటి బోర్డు లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రధానంగా డబ్బు ఒడ్డి ఆడే ఆటల గురించి. మా ఇంట్లోని డిస్కు అట్ట మీద అమెరికా సంస్థ వేసిన ‘ఎం’ అనే అక్షరం ఉంది. పదిహేడేళ్లు నిండినవారికే అని దాని అర్థమట. దాన్ని నేను మనవడి ఆట చూసిన రోజు రాత్రే మొదటిసారి చూశాను. అది కొన్న మా చెల్లెలూ చూసి ఉండదు.

కాబట్టి వారానికి ఒకసారైనా, సినిమా పేజీలోనే, ఒక ఆటకు సమీక్ష ఇవ్వండి. పూర్తిగా ఆడినవారి చేతే రాయించండి. ఎన్ని నక్షత్రాలన్నది నాకు అక్కర్లేదు. ఆట ఎవరి పక్షాన నిలబెడుతుంది, దేనికి డబ్బు ఇస్తుంది, దేన్ని చేయనివ్వదు, ఏ వయసు వారికి తగినది అన్నవి ఉంటే చాలు. కొత్తవే కానక్కర్లేదు, ఇళ్లలో అటకల మీదున్న పాతవాటితోనే మొదలుపెట్టవచ్చు.

మా మనవడికి నాన్నగారి కొట్టు సంగతి, గాజుసీసా సంగతి చెప్పాను. కాసేపు ఊరుకుని, “ముత్తాత ఎందుకు తిరగబడలేదు?” అని అడిగాడు. వచ్చే సెలవుల్లో సినిమా రెండో భాగంలోని ఆ కిరాణా కొట్టు సన్నివేశాన్ని వాడి పక్కన కూర్చుని చూపిస్తానని మాటిచ్చాను.

ఇట్లు,
విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు,
తెనాలి