అన్నయ్య తుంటి, ఒక స్టిక్కరు

ప్రియమైన అప్పలనాయుడుకి,

నీ రెండు ఉత్తరాలకూ ఇంతకాలం జవాబు రాయనందుకు మన్నించు. ఇంట్లో అందరూ క్షేమం, నాట్లు అయ్యాయి, చిన్నదాన్ని శ్రీకాకుళంలో కాలేజీలో చేర్పించాము. ఇక అసలు సంగతికి వస్తాను.

పెద్దన్నయ్యకు తుంటి మార్పిడి ఆపరేషను జరిగింది. అతనికి 44 ఏళ్లే. ఉబ్బసానికని ఏళ్ల తరబడి మింగిన స్టెరాయిడ్ మాత్రల వల్ల తొడ ఎముక బంతికి రక్తం అందక, అది చచ్చుబడి నలిగిపోయిందని ఎమ్మారై తీసి చెప్పారు. పలాసలో జీడిపిక్కల మధ్య రోజంతా పీట మీద కూర్చునే మనిషి, మంచం దిగడానికి అమ్మ భుజం పట్టుకోవలసి వచ్చింది.

విశాఖలో డాక్టరుగారు ఓపికగా వివరించారు. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ 22 మిల్లీమీటర్ల ఉక్కు బంతిని ప్లాస్టిక్ గిన్నెలో అమర్చి ఈ వైద్యానికి దారి వేశాడట. ఆ ప్లాస్టిక్ అరిగి రాలిన పొడికి చుట్టూ ఎముక కరిగి, కీలు వదులయ్యేదట. రేడియేషనుతో గట్టిపరచిన ఇప్పటి ప్లాస్టిక్ చాలా తక్కువ అరుగుతుంది కనుక, వయసులో ఉన్న అన్నయ్యకు దానితో సిరామిక్ బంతిని జత చేశారు. 

నన్ను కలవరపెట్టింది వేరే. అరుగుదల తప్పించాలని లోహపు గిన్నెలో లోహపు బంతి పెట్టిన రోజుల్లో ఆ లోహం అరిగి కోబాల్టు, క్రోమియం రక్తంలో కలిసేవి; కృత్రిమ కీళ్లు చేసే డీప్యూ కంపెనీ ఏఎస్‌ఆర్ అనే అలాంటి తన కీళ్లను 2010లో ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది. మన దేశంలో సుమారు 4,700 మందికి అవి అమర్చగా, వారిలో ఎక్కువమంది ఆచూకీయే దొరకలేదు. ఎవరి ఒంట్లో ఏ కీలుందో కాగితం లేకపోతే ఎవరిని వెతుకుతారు?

అందుకే డిశ్చార్జి రోజున కీలు పెట్టె మీది స్టిక్కరు, అంటే తయారీ నంబరున్న చీటీ, ఇమ్మని అడిగాను. కౌంటరులోని గుమాస్తా అది ఆసుపత్రి ఫైలుకే గాని రోగికి అక్కరలేదన్నాడు. నేను కదలలేదు.   గంటన్నర నిలబడ్డాక నకలు చేతికి వచ్చింది. అది ఇప్పుడు అమ్మ రేషను కార్డు కవరులో భద్రంగా ఉంది.

మీ బాబాయికి ఆరేళ్ల క్రితం చేసిన ఆపరేషను కాగితాలు ఉన్నాయో లేవో దయచేసి ఈ వారమే వెతుకు. ఆయన మళ్లీ కుంటుతున్నారని రాశావు కదా, అందుకే…

అన్నయ్య ఆపరేషను మర్నాడే వాకరుతో నడిచాడు. నేల మీద గొంతుక్కూర్చోవద్దన్నారు గనుక పీట అటకెక్కింది, దాని గురించే అతని దిగులంతా. ఇదిగో, కర్రతో వాకిట్లోకి వచ్చి బస్సు వచ్చేసిందని పిలుస్తున్నాడు. ఉత్తరం పలాసలో వేస్తాను.

నీ
రామ్మూర్తి