నలభై ఎనిమిది గంటల గడువు మాజీ సైనికుల ఇళ్లలో తెలియాలి

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

గత వేసవిలో మా ఊళ్లో ఒక రాత్రి జరిగిన సంగతి చెప్పి, దాని వెనుక ఉన్న మాజీ సైనికుల ఆరోగ్య పథకం నిబంధన ఒకదాని గురించి మీ పత్రిక ద్వారా తోటి మాజీ సైనికులకూ అధికారులకూ నాలుగు మాటలు విన్నవించుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను పదిహేడేళ్లు సైన్యంలో పనిచేసి హవల్దారుగా పింఛను మీద వచ్చినవాణ్ణి. మాది శ్రీకాకుళం జిల్లా. ఇక్కడ కొన్ని ఊళ్లలో వీధికి ఇద్దరు ముగ్గురు మాజీ సైనికులు ఉంటారు. పింఛను బకాయి ఎప్పుడు పడుతుందో, క్యాంటీనుకు ఏ నెల ఏ సరుకు వచ్చిందో మాలో ప్రతివారికీ తెలుసు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఏ ఆసుపత్రికి పోవాలి, ఎవరికి ఎంతలోగా కబురు చేయాలి, డబ్బు ఎవరు కట్టాలి అన్నది మాత్రం అవసరం పడేదాకా ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

మా వీధి చివర ఉండే, సైన్యంలో నాయక్ హోదాలో పనిచేసిన ఒకాయన, నాకంటే నాలుగేళ్లు పెద్దవారు, రాత్రి పదకొండు దాటాక గుండెలో మంటగా ఉందని లేచి కూర్చున్నారట. కాసేపటికి ఒళ్లంతా చెమటలు పట్టాయి. కొడుకు ఉద్యోగరీత్యా చెన్నైలో ఉంటాడు. ఆయన భార్య నాకు ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, ఆయనకి ఊపిరి అందట్లేదు, ఒకపాలి రండి" అన్నారు. నేను వెళ్లేసరికి ఆవిడ మంచం కింది నల్ల ట్రంకు పెట్టె బయటికి లాగి, ప్లాస్టిక్ కవరులో చుట్టి ఉంచిన సైన్యం ఇచ్చిన డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పింఛను మంజూరు పత్రం) నకలు, ఈసీహెచ్‌ఎస్ అనే ఆరోగ్య పథకం కార్డు తీసి చేతిలో పట్టుకుని ఉన్నారు. పెట్టె మూత మీద తెల్ల రంగుతో రాసిన ఆయన ఆర్మీ నంబరు ఇంకా చెరిగిపోలేదు. 108 వచ్చింది. జిల్లా కేంద్రం దాకా వెళ్లే వ్యవధి లేదని అంబులెన్సులోని అబ్బాయి చెప్పడంతో దారిలో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. కౌంటరులోని కుర్రవాడు కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా దగ్గర చెల్లదండీ, అడ్వాన్సు కట్టండి" అని వెనక్కి ఇచ్చేశాడు. అప్పటికి నా దగ్గరున్నదీ ఆవిడ దగ్గరున్నదీ కలిపి కట్టాం. తెల్లవారాక ఆవిడ గాజులు నాలుగూ తాకట్టుకు వెళ్లాయి.

స్టెంటు వేశారు, మనిషి దక్కాడు, ఆరో రోజున ఇంటికి పంపారు. బిల్లు రెండు లక్షలు దాటింది. ఇల్లు చేరిన రెండు రోజులకు పలకరించడానికి వచ్చిన ఒక సుబేదారు గారు "పాలీక్లినిక్‌కు చెప్పారా?" అని అడిగారు. పాలీక్లినిక్ అంటే ఈ పథకం కింద మాజీ సైనికులకు వైద్యం చేసే కేంద్రం; అక్కడ చెప్పవలసి ఉంటుందన్న సంగతి అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు. ఆసుపత్రిలో చేర్చిన నలభై ఎనిమిది గంటల్లోగా కబురు అందాలట. అప్పటికి ఎనిమిదో రోజు.

ఇక్కడ పథకాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. 2003 ఏప్రిల్ 1న మొదలైన మాజీ సైనికుల చందాదారీ ఆరోగ్య పథకం, అందరూ ఈసీహెచ్‌ఎస్ అని పిలిచేది, మాకు దొరికిన గొప్ప ఆసరా. అంతకుముందు ఊళ్లలో ఉండే పింఛనుదారుకు మిలిటరీ ఆసుపత్రే దిక్కు. మా వైపు నుంచి అయితే విశాఖలోని నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణికి వెళ్లాలి, తెలంగాణ వారైతే సికింద్రాబాద్ చేరాలి. ఇప్పుడు దేశమంతటా నాలుగు వందలకు పైగా పాలీక్లినిక్‌లు ఉన్నాయి. అక్కడి డాక్టరు రిఫరల్, అంటే పై ఆసుపత్రికి పంపే చీటీ, రాసిస్తే పథకంతో ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో మన చేతి డబ్బు పడకుండా వైద్యం జరుగుతుంది. ఇది ఉచితంగా వచ్చినదీ కాదు. 2017 డిసెంబరు చివర సవరించిన రేట్ల ప్రకారం హవల్దారు దాకా 30,000 రూపాయలు, నాయబ్ సుబేదారు నుంచి సుబేదారు మేజరు దాకా 67,000, ఆఫీసర్లు 1,20,000 ఒక్కసారి చందాగా కడతారు. 1996 జనవరి 1కి ముందు రిటైరైన వారికీ యుద్ధ వితంతువులకూ చందా మినహాయింపు ఉంది.

రిఫరల్ పద్ధతి పగటిపూట, ముందుగా తెలిసిన జబ్బుకు బాగానే నడుస్తుంది. అర్ధరాత్రి పాలీక్లినిక్ తలుపులు మూసి ఉంటాయి. గుండెపోటు, పక్షవాతం, తీవ్రమైన ఊపిరి ఇబ్బంది, ప్రాణాపాయమైన గాయాలు, పాముకాటు, విషప్రయోగం, వడదెబ్బ లాంటివాటిని ఎమర్జెన్సీగా లెక్కించి, అలాంటప్పుడు రిఫరల్ లేకుండానే నేరుగా ఆసుపత్రికి వెళ్లవచ్చని నిబంధనల్లోనే ఉంది. వెళ్లిన ఆసుపత్రి ఒప్పందం ఉన్నదైతే చిక్కు తక్కువ. కార్డు చూపితే అడ్వాన్సు అడగకుండా చేర్చుకోవాలి, పాలీక్లినిక్‌కు సమాచారం పంపే బాధ్యత కూడా ఆ ఆసుపత్రిదే. ఒప్పందం లేని ఆసుపత్రి అయితే అంతా తారుమారవుతుంది. బిల్లు మొత్తం మనమే కట్టుకోవాలి, నలభై ఎనిమిది గంటల్లోగా దగ్గరలోని పాలీక్లినిక్‌కు మనమే తెలపాలి, తరవాత ఎమర్జెన్సీ సర్టిఫికెట్టు, డిశ్చార్జి సమ్మరీ, పద్దుల వారీగా రాసిన బిల్లులు, కార్డు నకలు, బ్యాంకు వివరాలు జతచేసి క్లెయిం పెట్టుకోవాలి.

నాకు అర్థం కానిది ఈ తేడాయే. అన్ని హంగులూ, కంప్యూటరు ముందు కూర్చునే మనుషులూ ఉన్న ఒప్పంద ఆసుపత్రి విషయంలో సమాచారం పంపే పని ఆసుపత్రి మీద పెట్టారు. ఏమీ తోచక ఐసీయూ తలుపు ముందు కూర్చున్న ఇల్లాలి విషయంలో అదే పని ఆమె మీద పెట్టారు. కొడుకు రైలెక్కి వచ్చేసరికే ఒక రోజు గడుస్తుంది. ఆ మధ్యలో ఆదివారం గాని పండుగ గాని పడితే గడువులో సగం కరిగిపోతుంది. గడువు ఉండవలసిందే, లేకపోతే దొంగ బిల్లులకు అడ్డు ఉండదని ఒప్పుకుంటాను. కానీ ఆ గడువును నిలబెట్టే బాధ్యత, ఆ రాత్రి నిలబడలేని మనిషి మీద మోపడం న్యాయంగా కనిపించడం లేదు.

మా నాయక్ గారి క్లెయిం తిరస్కరించలేదు. ఆలస్యానికి కారణం రాసి ఇవ్వమన్నారు, ఇచ్చాం. పాలీక్లినిక్ సిబ్బంది కాగితాలు సర్దడంలో ఓపికగా సాయం చేశారని కూడా చెప్పాలి. చివరికి వచ్చిన మొత్తం బిల్లులో సగం కంటే కాస్త ఎక్కువ. ఇది ఎవరి తప్పూ కాదు, లెక్క అలాంటిది: ఒప్పందం లేని ఆసుపత్రిలో మనం ఎంత కట్టినా, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పథకమైన సీజీహెచ్‌ఎస్ ఏ చికిత్సకు ఎంత ధర కట్టిందో అంతవరకే తిరిగి ఇస్తారు. ఆ ధరలను కేంద్రం 2025 అక్టోబరులో సవరించి కొంత పెంచింది, సంతోషమే. అయినా ప్రైవేటు ఆసుపత్రి అర్ధరాత్రి చెప్పే ధరకూ ఆ పట్టికలోని ధరకూ మధ్య ఉన్న దూరం మాజీ సైనికుడి జేబులోంచే పూడుతుంది. వచ్చిన డబ్బుతో ఆవిడ రెండు గాజులు విడిపించుకున్నారు. తక్కిన రెండింటికీ నూటికి రెండు రూపాయల వడ్డీ కడుతున్నారు.

ఈ సందర్భంలో సుప్రీంకోర్టు 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన ఒక తీర్పును గుర్తుచేయాలి. ఒక విశ్రాంత కేంద్ర ప్రభుత్వ అధికారి అత్యవసర పరిస్థితిలో జాబితాలో లేని ఆసుపత్రిలో చికిత్స చేయించుకుంటే క్లెయిం పూర్తిగా ఇవ్వలేదు. ఆసుపత్రి పేరు జాబితాలో లేదన్న ఒక్క కారణంతో హక్కును కాదనకూడదని, చికిత్స నిజంగా జరిగిందా, దానికి ఆధారాలు ఉన్నాయా అన్నదే చూడాలని న్యాయస్థానం చెప్పి, మిగిలిన సొమ్ము ఇప్పించింది. ఆ కేసు సీజీహెచ్‌ఎస్‌కు సంబంధించినదే అయినా, అదే ధరల పట్టికను వాడుకునే మా పథకానికి అందులోని న్యాయం వర్తించదనడానికి నాకు కారణం కనిపించదు. 1989లోనే సర్వోన్నత న్యాయస్థానం, ప్రాణాపాయంలో ఉన్న మనిషికి వైద్యం చేయడం ప్రతి డాక్టరు బాధ్యత అని స్పష్టం చేసింది. కాబట్టి డబ్బు తేవడానికి ఇంటికి వెళ్లి వచ్చేదాకా స్ట్రెచర్ వరండాలోనే ఉంచే ఆసుపత్రిని నిలదీసే హక్కు మనకు ఉంది. ఆ రాత్రి నాకు నోరు పెగల్లేదన్నది వేరే సంగతి.

ఇంకో రెండు విషయాలు ఈ మధ్యే తెలుసుకున్నాను, తోటివారికి పనికొస్తాయని రాస్తున్నాను. రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలితే, మాజీ సైనికుడైనా కాకపోయినా, 2025 మేలో కేంద్రం ప్రకటించిన నగదురహిత పథకం కింద ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు వైద్యం చేయించుకోవచ్చు. రెండోది, డెబ్బై ఏళ్లు దాటిన వారికి 2024 అక్టోబరు నుంచి ఇస్తున్న ఆయుష్మాన్ వయ వందన కార్డు. ఏడాదికి అయిదు లక్షల దాకా వైద్యం అనగానే మా పెద్దవాళ్లు కొందరు ఉత్సాహపడుతున్నారు. ఈసీహెచ్‌ఎస్ ఉన్నవారు ఆ పథకం, ఈ కార్డు రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోవాలి. ఊళ్లోకి శిబిరం వచ్చింది కదా అని వేలిముద్ర వేసేముందు పాలీక్లినిక్‌లో ఒకసారి అడగడం మంచిది. ఆ కార్డు చెడ్డదని కాదు, మన దగ్గర ఉన్నదాన్ని తెలియక పోగొట్టుకోకూడదని. పింఛను రాకుండా మధ్యలోనే ఇంటికి వచ్చిన సిపాయిల పరిస్థితి మరీ కష్టం. వారిలో చాలామందికి ఈ పథకమే వర్తించదు. వైద్యం ఖర్చుకు సాయం కోరుతూ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా కేంద్రీయ సైనిక్ బోర్డుకు దరఖాస్తు చేసుకునే వీలు ఒకటి ఉంది, అదైనా వారికి ఎవరో చెప్పాలి.

సంబంధిత అధికారులను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఒప్పందం లేని ఆసుపత్రి అయినా సరే, ఈసీహెచ్‌ఎస్ కార్డుతో ఎమర్జెన్సీలో వచ్చిన మనిషిని చేర్చుకున్న వెంటనే ఒక ఫోన్ సందేశంతో సమాచారం పంపగలిగే ఏర్పాటు చేసి, ఆ సందేశాన్నే గడువులోగా అందిన కబురుగా లెక్కించాలి. 108లో ఎక్కించేటప్పుడు ఆరోగ్య పథకం కార్డు ఏదైనా ఉందా అని అడిగి, ఒప్పందం ఉన్న ఆసుపత్రి దగ్గరలో ఉంటే అక్కడికే తీసుకెళ్లేలా సిబ్బందికి జాబితా ఇవ్వాలి. జిల్లా కేంద్రాలకు దూరంగా ఉన్న పట్టణాల్లో కనీసం గుండెకూ మెదడుకూ సంబంధించిన అత్యవసర వైద్యం చేసే ఆసుపత్రులను పథకంలోకి తేవాలి. అవి రాకపోవడానికి, వచ్చినవి వెనక్కి పోవడానికి బిల్లుల చెల్లింపులో జాప్యమే కారణమని ఆసుపత్రుల వారు ఎప్పటినుంచో చెబుతున్నారు, అది కూడా పట్టించుకోవలసిన మాటే. నిబంధనలు తెలుగులో ఒక్క కాగితం మీద అచ్చువేసి పింఛనుదారు భార్య పేరున ఇంటికి పంపాలి. భార్య పేరున అని ప్రత్యేకంగా అంటున్నాను, ఎందుకంటే ఆ రాత్రి ట్రంకు పెట్టె తెరిచేది ఆవిడే.

మా వీధిలో ఇప్పుడు మేం చేసుకున్నది చెప్పి ముగిస్తాను. పాలీక్లినిక్ నంబరు, దగ్గరలోని ఒప్పంద ఆసుపత్రుల పేర్లు, "48 గంటలు" అన్న మాట పెద్ద అక్షరాలతో రాసిన చీటీని కార్డు ఉన్న కవరులోనే పెట్టి, కవరును పెట్టెలోంచి తీసి గోడ మేకుకు తగిలించాం. పదకొండు ఇళ్లకు రాసి ఇచ్చాను. మీ జిల్లా పేజీలో ఒక మూల ఆ నంబర్లు అచ్చువేస్తే నా చేతికి అందని ఇళ్లకు కూడా అవి చేరతాయని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత హవల్దారు,
శ్రీకాకుళం జిల్లా